ఫంక్షన్ అయిపోయింది, రెఫరెన్స్ మాత్రం బయట తిరుగుతోంది!

పాయింటర్లని గీత దాటనివ్వకుండా గో, స్విఫ్ట్, సీ షార్ప్, రస్ట్ ఏం చేస్తున్నాయి? దానికీ మీ చేతిలో ఉన్న ఫోన్‌కీ సంబంధం ఏంటి?

2019 అక్టోబర్. గూగుల్‌లో సెక్యూరిటీ లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో టీమ్ ఒక లిస్ట్ బయటపెట్టింది. పిక్సెల్ 2, శాంసంగ్ ఎస్7, ఎస్8, ఎస్9, హువావే పీ20, మోటో జెడ్3, ఒప్పో ఏ3, షావోమి ఏ1, రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5. చివరి మూడూ మన దగ్గర ఫ్లాష్ సేల్‌లో పోటీపడి మరీ కొన్న ఫోన్లు.

వేర్వేరు కంపెనీలు, వేర్వేరు ప్రాసెసర్లు. కానీ అన్నిట్లో ఒకటే లోపం. దాన్ని వాడుకోవడం తెలిసిన ఒక యాప్ మీ ఫోన్‌లోకి వస్తే కెర్నల్‌నే, అంటే ఫోన్ మొత్తాన్నీ చేతిలోకి తీసుకోవచ్చు. అప్పటికే ఎవరో దాన్ని వాడుతున్నారనడానికి ఆధారాలున్నాయని కూడా ఆ టీమ్ చెప్పింది. లోపం నంబర్ సీవీఈ-2019-2215. మ్యాడీ స్టోన్ అనే రీసెర్చర్ దాన్ని విప్పి చూపించారు.

ఇంత పెద్ద లోపం వెనక ఉన్న తప్పుని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. వస్తువు పోయింది, దాని అడ్రస్ మాత్రం ఇంకొకరి దగ్గర ఉండిపోయింది. అంతే.

బీటెక్ ఫస్టియర్‌లో సీ ల్యాబ్ చేసినవాళ్లందరికీ ఈ తప్పు పరిచయమే. అదే తప్పు కోట్లమంది వాడే కెర్నల్‌లోకి కూడా దూరిందంటే, ప్రోగ్రామర్ జాగ్రత్త ఒక్కటే సరిపోదని అర్థం. అందుకే కొత్త లాంగ్వేజ్‌లు ఆ కాపలా పనిని కంపైలర్‌కి అప్పగిస్తున్నాయి. ఎవరు ఎలా చేస్తున్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు బేసిక్స్: గది ఖాళీ, తాళం జేబులో

ఒక ఫంక్షన్‌ని పిలవగానే దాని లోకల్ వేరియబుల్స్‌కి స్టాక్ మీద కొంచెం చోటు దొరుకుతుంది. ఫంక్షన్ రిటర్న్ అవ్వగానే ఆ చోటు ఖాళీ అయినట్టే లెక్క. తర్వాత పిలిచే ఫంక్షన్ అదే చోట తన సామాన్లు పెట్టుకుంటుంది.

లాడ్జిలో గది తీసుకున్నారనుకోండి. ఖాళీ చేసేశారు, కానీ డూప్లికేట్ తాళం మీ జేబులోనే ఉండిపోయింది. రేపు ఆ గదిలో ఇంకెవరో దిగుతారు. మీ బ్యాగ్ అక్కడే ఉందనుకుని మీరు తలుపు తీస్తే, లోపల ఉన్నది వేరేవాళ్ల బ్యాగ్. ఆ తాళమే డ్యాంగ్లింగ్ పాయింటర్.

సీ లాంగ్వేజ్‌లో లోకల్ వేరియబుల్ అడ్రస్‌ని రిటర్న్ చేస్తే కంపైలర్ మహా అయితే ఒక వార్నింగ్ ఇస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం కంపైల్ అయిపోతుంది. అదే అడ్రస్‌ని రెండు మూడు ఫంక్షన్లు తిప్పి బయటికి పంపిస్తే ఆ వార్నింగ్ కూడా రాకపోవచ్చు. అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే, ఒక్కోసారి కరెక్ట్ ఆన్సరే వస్తుంది. ఎందుకంటే ఆ గదిలోకి ఇంకా ఎవరూ రాలేదు. టెస్టింగ్‌లో అంతా బాగుంటుంది, రిలీజ్ అయ్యాక పేలుతుంది.

హీప్ మీద కూడా ఇదే కథ. మెమరీని ఫ్రీ చేశాక కూడా పాత పాయింటర్‌తో దాన్ని ముట్టుకుంటే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు.

ఒక రెఫరెన్స్ ఫంక్షన్ నుంచి తప్పించుకోవడానికి, అంటే ఎస్కేప్ అవ్వడానికి, ముఖ్యంగా నాలుగు తలుపులున్నాయి:

- రిటర్న్ వాల్యూగా బయటికి వెళ్లడం
- గ్లోబల్‌లోనో, బయట ఉన్న ఆబ్జెక్ట్ ఫీల్డ్‌లోనో కూర్చోవడం
- ఒక క్లోజర్ లోపల దాక్కుని, ఆ క్లోజర్‌తో పాటు వెళ్లిపోవడం
- ఇంకో త్రెడ్ చేతికి చిక్కడం

లాంగ్వేజ్ డిజైన్ చేసేవాళ్ల తలనొప్పంతా ఈ నాలుగు తలుపుల గురించే.

బైండర్‌లో తాళం ఎవరి దగ్గర ఉండిపోయింది?

ఆండ్రాయిడ్‌లో యాప్స్, సిస్టమ్ సర్వీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది బైండర్ అనే కెర్నల్ డ్రైవర్ ద్వారా. బైండర్‌ని వాడే ప్రతి త్రెడ్ కోసం కెర్నల్ ఒక స్ట్రక్చర్ తయారుచేసి పెట్టుకుంటుంది. దాని లోపల ఒక వెయిట్ క్యూ ఉంటుంది. ఈపోల్ అనే ఇంకో కెర్నల్ ఫీచర్, "ఇక్కడ ఏదైనా జరిగితే నాకు చెప్పు" అని ఆ క్యూ అడ్రస్‌ని తన దగ్గర రాసుకుంటుంది.

ఇప్పుడు యాప్ "ఈ త్రెడ్‌తో నాకు పని అయిపోయింది" అని బైండర్‌కి చెప్పిందనుకోండి. బైండర్ ఆ స్ట్రక్చర్‌ని ఫ్రీ చేసేసింది. ఈపోల్‌కి మాత్రం ఆ కబురు అందలేదు. దాని దగ్గర పాత అడ్రస్ అలాగే ఉంది. తర్వాత ఈపోల్ తన పని ముగించుకునేటప్పుడు ఆ అడ్రస్‌కి వెళ్లి రాసేస్తుంది. మధ్యలో ఎటాకర్ తెలివిగా తన డేటాని సరిగ్గా ఆ ఖాళీ చోట్లోకి దింపితే, కెర్నల్ తన చేత్తో తనే తాళాలు ఇచ్చినట్టు అవుతుంది.

చూశారా, ఇది రెండో తలుపు. లోపల ఉన్న ఒక చిన్న భాగం అడ్రస్, దాని యజమాని కంటే ఎక్కువ కాలం బతికే ఇంకో ఆబ్జెక్ట్‌లో ఉండిపోయింది.

ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. ఈ బగ్‌ని సిజ్‌బాట్ అనే ఆటోమేటిక్ టెస్టింగ్ టూల్ 2017 నవంబర్‌లోనే పట్టుకుంది. 2018 ఫిబ్రవరిలో లైనక్స్ కెర్నల్‌లో ఫిక్స్ కూడా పెట్టారు. కానీ ఆ ఫిక్స్ ఆండ్రాయిడ్ నెలవారీ సెక్యూరిటీ బులెటిన్‌లోకి ఎక్కలేదు. ఫలితం, అమ్మకానికి ఉన్న, జనం జేబుల్లో ఉన్న చాలా ఫోన్లకి అది చేరలేదు. 2019 అక్టోబర్‌లో గోల అయ్యాక గానీ ప్యాచ్ రాలేదు. మందు తయారై ఏడాదిన్నర దాటినా పేషెంట్‌కి అందలేదనమాట.

ప్యాచ్ ఎంత మంచిదైనా బగ్ వెనకాల పరిగెత్తేదే. మరి బగ్ పుట్టకుండానే ఆపాలంటే?

దారి 1: తాళం ఉన్నంతకాలం గది ఖాళీ చేయొద్దు

గో, జావా, కాట్లిన్ లాంటి లాంగ్వేజ్‌లు ఎంచుకున్న దారి ఇది. ఇవి రెఫరెన్స్‌ని ఆపవు. అది ఎక్కడికి పోయినా సరే, వస్తువుని బతికించి ఉంచుతాయి.

గోలో లోకల్ వేరియబుల్ అడ్రస్‌ని హాయిగా రిటర్న్ చేయొచ్చు. కంపైలర్ ముందే కోడ్ చదివి, "ఈ వేరియబుల్ అడ్రస్ ఫంక్షన్ దాటి పోతోంది" అని కనిపెడితే దాన్ని స్టాక్ మీద కాకుండా హీప్ మీద పెడుతుంది. దీన్నే ఎస్కేప్ ఎనాలిసిస్ అంటారు. బిల్డ్ చేసేటప్పుడు ఒక ఫ్లాగ్ ఇస్తే, ఏ వేరియబుల్‌ని హీప్‌కి తరలించిందో గో కంపైలర్ లైన్ నంబర్‌తో సహా చెప్తుంది. ఎప్పుడూ చూడకపోతే ఒకసారి ట్రై చేయండి, మీరు అనుకోని చోట్ల చాలా కనబడతాయి. ఆ వస్తువు మీద ఒక్క రెఫరెన్స్ మిగిలినా గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టుకోదు. కాబట్టి యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అనే మాటే ఉండదు.

కానీ ఊరికే ఏదీ రాదు కదా. హీప్ మీద ఎక్కువ వస్తువులు పడితే చెత్త ఊడ్చే పని పెరుగుతుంది. 120 హెర్ట్జ్ డిస్‌ప్లేలో ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ 8.3 మిల్లీసెకన్లు. గేమ్ ఆడుతుండగా సరిగ్గా అప్పుడే గార్బేజ్ కలెక్టర్ పనిలోకి దిగితే ఫ్రేమ్ పోతుంది, వేలి కింద ఆ చిన్న కుదుపు మీకు తెలుస్తుంది.

రెండో ఖర్చు మెమరీ లీక్. ఆండ్రాయిడ్ యాప్స్ రాసేవాళ్లకి ఇది రోజూ ఉండే గొడవే. ఒక స్టాటిక్ ఫీల్డ్‌లో యాక్టివిటీ రెఫరెన్స్ దాచారనుకోండి. స్క్రీన్ తిప్పగానే పాత యాక్టివిటీ పోవాలి, కొత్తది రావాలి. కానీ స్టాటిక్ ఫీల్డ్ దాన్ని పట్టుకుని ఉంది కాబట్టి పాతది పోదు. దాంతో పాటు దాని వ్యూస్, బిట్‌మ్యాప్స్ అన్నీ మెమరీలోనే కూర్చుంటాయి. స్క్వేర్ కంపెనీ లీక్‌కెనరీ అనే టూల్ తెచ్చిందీ, ఆండ్రాయిడ్ స్టూడియో స్టాటిక్ ఫీల్డ్‌లో కాంటెక్స్ట్ కనబడితే పసుపు రంగులో గీత గీసేదీ ఇందుకే. ఇక్కడ ఎస్కేప్ అయిన రెఫరెన్స్ ఫోన్‌ని హ్యాక్ చేయదు, ర్యామ్ తినేస్తుంది.

దారి 2: ఇక్కడే చదువుకోండి, ఇంటికి తీసుకెళ్లొద్దు

లైబ్రరీలో రెఫరెన్స్ సెక్షన్ ఉంటుంది కదా. పుస్తకం తీసి ఎంతసేపైనా చదవొచ్చు, గేటు దాటించకూడదు. స్విఫ్ట్, సీ షార్ప్ కొన్ని రకాల వాల్యూస్‌కి సరిగ్గా ఈ రూల్ పెట్టాయి.

ఐఫోన్ యాప్స్ రాసే స్విఫ్ట్‌నే తీసుకోండి. ఒక ఫంక్షన్‌కి క్లోజర్‌ని పారామీటర్‌గా ఇస్తే, డీఫాల్ట్‌గా అది బయటికి పోకూడదు. ప్రాపర్టీలో దాచుకోకూడదు, రిటర్న్ చేయకూడదు, తర్వాత ఎప్పుడో నడిపే క్యూలో పడేయకూడదు. మ్యాప్, ఫిల్టర్ లాంటివాటికి ఇంతే చాలు, ఎందుకంటే అవి క్లోజర్‌ని అక్కడికక్కడే వాడేస్తాయి. నెట్‌వర్క్ కాల్ పూర్తయ్యాక నడవాల్సిన క్లోజర్ అయితే మాత్రం బయట బతకాలి. అప్పుడు ఎస్కేపింగ్ అని పైకి రాసి చెప్పాలి.

ఇదంతా మొదటినుంచీ ఇలా లేదు. మొదట్లో డీఫాల్ట్ ఉల్టాగా ఉండేది. పారిపోకూడదనుకుంటేనే నోఎస్కేప్ అని రాసేవాళ్లు. 2016లో వచ్చిన స్విఫ్ట్ 3 దీన్ని తిరగేసింది. చిన్న మార్పులా కనబడుతుంది గానీ చాలా పెద్ద తేడా. సేఫ్‌గా ఉండటానికి ఇప్పుడు ఏమీ రాయక్కర్లేదు, రిస్క్ తీసుకోవాలంటేనే రాయాలి. పైగా క్లోజర్ బయటికి పోదని తెలిస్తే కంపైలర్ దాన్ని హీప్ మీద పెట్టాల్సిన పని కూడా తగ్గుతుంది. ఇనౌట్ పారామీటర్‌ని ఎస్కేపింగ్ క్లోజర్‌లో వాడబోతే స్విఫ్ట్ ఎర్రర్ కొట్టి ఆపేస్తుంది. మన నాలుగు తలుపుల్లో మూడోది ఇక్కడ మూసుకుంది.

యూనిటీలో గేమ్స్ చేసేవాళ్లకి తెలిసిన సీ షార్ప్‌లో కథ ఇంకోలా ఉంటుంది. 2017లో వచ్చిన సీ షార్ప్ 7.2, రెఫ్ స్ట్రక్ట్ అనే రకాన్ని తెచ్చింది. స్పాన్ అనే టైప్ ఆ రకమే. స్పాన్ అంటే మెమరీలో ఒక ముక్కకి తెరిచిన కిటికీ. కాపీ చేయకుండానే ఆ ముక్కని చదవొచ్చు, రాయొచ్చు. ఆ ముక్క స్టాక్ మీద ఉన్నా సరే. అందుకే రూల్స్ గట్టిగా ఉన్నాయి. స్పాన్‌ని మామూలు క్లాస్ ఫీల్డ్‌లో పెట్టలేరు, బాక్సింగ్ చేయలేరు, లాంబ్డాలో పట్టుకోలేరు. స్టాక్ మీద తీసుకున్న మెమరీకి స్పాన్ తెరిచి దాన్ని రిటర్న్ చేయబోతే కోడ్ కంపైలే కాదు. 2022లో సీ షార్ప్ 11 స్కోప్డ్ అనే కీవర్డ్ కూడా చేర్చింది. "ఈ పారామీటర్‌ని నేను లోపలే వాడుకుంటా, బయటికి పోనివ్వను" అని ఫంక్షన్ ఇచ్చే మాట అది.

ఈ దారిలో బాగున్నది ఏంటంటే రూల్ సింపుల్. బాగోనిది ఏంటంటే, ఒక్కోసారి బయటికి తీసుకెళ్లడం నిజంగా అవసరం, ప్రమాదం కూడా ఉండదు. అప్పుడు కాపీ చేసుకోవడమో, హీప్‌కి మారడమో తప్పదు.

దారి 3: తీసుకెళ్లండి, కానీ ఎప్పటిదాకానో రాసివ్వండి

రస్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. 2015 మేలో 1.0 వచ్చినప్పటినుంచీ దీని గుండెకాయ బారో చెకర్. ఇక్కడ రెఫరెన్స్ బయటికి వెళ్లొచ్చు, ఫీల్డ్‌లో కూర్చోవచ్చు. షరతు ఒక్కటే. అసలు వస్తువు కంటే దాని రెఫరెన్స్ ఎక్కువ కాలం బతకకూడదు. ఇది రన్ చేసేటప్పుడు కాదు, కంపైల్ చేసేటప్పుడే రుజువు కావాలి.

ఉదాహరణకి, రెండు స్ట్రింగ్ రెఫరెన్సులు తీసుకుని వాటిలో పొడవైనదాన్ని తిరిగిచ్చే ఫంక్షన్ రాయండి. రస్ట్ ఒప్పుకోదు. "నువ్వు ఇచ్చేది మొదటిదాన్నా, రెండోదాన్నా? అది ఎంతకాలం పనికొస్తుందో నాకెలా తెలుస్తుంది?" అని అడుగుతుంది. అప్పుడు మనం లైఫ్‌టైమ్ రాసి, "ఫలితం ఈ రెండిట్లో ముందు పోయేదానంత కాలమే పనికొస్తుంది" అని చెప్పాలి. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయంలో ఉంటారు. లైఫ్‌టైమ్ రాస్తే వస్తువు ఆయుష్షు పెరగదు. ఉన్న ఆయుష్షుని కంపైలర్‌కి చెప్తున్నాం, అంతే. ఆ మాట నిజం కాని చోట ఆ ఫంక్షన్‌ని వాడితే, "ఈ వాల్యూ కావలసినంత కాలం బతకదు" అని ఎర్రర్ వస్తుంది.

నాలుగో తలుపు, అంటే త్రెడ్స్ దగ్గర రస్ట్‌కే గట్టి దెబ్బ తగిలింది. మామూలుగా కొత్త త్రెడ్ పుట్టిస్తే, అది మనల్ని పుట్టించిన ఫంక్షన్ కంటే ఎక్కువ కాలం నడవొచ్చు. కాబట్టి లోకల్ వేరియబుల్ రెఫరెన్స్‌ని దానికి ఇవ్వడానికి రస్ట్ ఒప్పుకోదు. 1.0కి ముందు దీనికి ఒక ఉపాయం చేశారు. త్రెడ్‌తో పాటు ఒక గార్డ్ ఆబ్జెక్ట్ ఇచ్చేవాళ్లు. ఫంక్షన్ చివర్లో ఆ గార్డ్ డిస్ట్రాయ్ అయ్యేటప్పుడు, త్రెడ్ పూర్తయ్యేదాకా ఆగేది. బాగానే ఉంది కదా? కానీ ఆ గార్డ్‌ని డిస్ట్రాయ్ కాకుండా లీక్ చేయొచ్చని 2015 ఏప్రిల్‌లో తేలింది. గార్డ్ లీక్ అయితే ఆగడం ఉండదు. ఫంక్షన్ పోతుంది, త్రెడ్ మాత్రం చచ్చిన స్టాక్‌ని చదువుతూనే ఉంటుంది. 1.0 విడుదలకి కొన్ని వారాల ముందు ఆ ఫీచర్‌ని పక్కనపెట్టేశారు.

సరైన రూపం స్టాండర్డ్ లైబ్రరీలోకి రావడానికి ఏడేళ్లు పట్టింది. 2022 ఆగస్టులో రస్ట్ 1.63తో స్కోప్డ్ త్రెడ్స్ వచ్చాయి. ఈసారి గార్డ్‌ని మన చేతికి ఇవ్వరు. మన కోడ్‌ని క్లోజర్‌గా వాళ్లే తీసుకుంటారు. లోపల పుట్టిన త్రెడ్లన్నీ ముగిసేదాకా ఆ ఫంక్షన్ రిటర్నే అవ్వదు. తాళం మనకిచ్చి "తిరిగివ్వడం మర్చిపోకు" అనడానికీ, కౌంటర్ మనిషే మనతో గదిదాకా వచ్చి తలుపు వేసుకుని వెళ్లడానికీ ఉన్న తేడా అది.

ఒక్క చూపులో

- సీ: నాలుగు తలుపులూ తెరిచే ఉంటాయి. జాగ్రత్త మీదే, నష్టం ఫోన్ ఓనర్‌ది.
- గో, జావా, కాట్లిన్: రెఫరెన్స్ ఎక్కడికైనా పోవచ్చు. ఖర్చు ర్యామ్, గార్బేజ్ కలెక్షన్ రూపంలో.
- స్విఫ్ట్, సీ షార్ప్: గార్బేజ్ కలెక్షన్, రెఫరెన్స్ కౌంటింగ్ లాంటివాటి మీదే నడుస్తూ, కొన్ని టైప్స్‌కి మాత్రం గేటు దాటొద్దనే రూల్.
- రస్ట్: దాటొచ్చు, కానీ ఆయుష్షు లెక్క కంపైలర్‌కి చూపించాలి. ఖర్చు ప్రోగ్రామర్ టైమ్.

మరి ఫోన్లలో తేడా కనబడిందా?

కనబడింది. గూగుల్ ఆండ్రాయిడ్‌లో రస్ట్‌కి సపోర్ట్ 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2022 చివరికి ఆండ్రాయిడ్ 13లో కొత్తగా రాసిన నేటివ్ కోడ్‌లో 21 శాతం రస్టే. ఆండ్రాయిడ్‌లో బయటపడే లోపాల్లో మెమరీకి సంబంధించినవి 2019లో 76 శాతం. 2022కి అది 35 శాతానికి, 2024కి 24 శాతానికి పడిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, పాత సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్ మొత్తాన్నీ తిరగరాయలేదు. కొత్త కోడ్‌ని సేఫ్ లాంగ్వేజ్‌ల్లో రాశారు, అంతే. పాత కోడ్‌లోని బగ్స్ ఏళ్లు గడిచేకొద్దీ దొరుకుతూ, ఫిక్స్ అవుతూ తగ్గుతాయి. కొత్తవి పుట్టడం తగ్గింది.

2019లో పరువు పోగొట్టుకున్న అదే బైండర్‌ని కూడా రస్ట్‌లో రాశారు. 2025 చివర్లో వచ్చిన లైనక్స్ 6.18లో ఆ కొత్త డ్రైవర్ ఉంది. సేఫ్ రస్ట్‌లో అయితే ఈపోల్ కథలోలాగా యజమానికి తెలియకుండా లోపలి భాగం అడ్రస్‌ని ఎక్కడో దాచిపెట్టడం కుదరదు.

అలాగని రస్ట్ మంత్రదండం అనుకోవద్దు. కెర్నల్‌లో కొన్ని పనులకి అన్‌సేఫ్ బ్లాక్ తప్పదు. ఆ బ్లాక్ లోపల కంపైలర్ కొన్ని గ్యారంటీల బాధ్యత మనకే వదిలేస్తుంది. 2025 డిసెంబర్‌లో కెర్నల్‌లోని రస్ట్ కోడ్‌కి మొట్టమొదటి సీవీఈ నంబర్ పడింది. అది ఈ రస్ట్ బైండర్‌లోనే. ఒక లిస్ట్‌లోంచి ఎలిమెంట్‌ని తీసే అన్‌సేఫ్ కోడ్‌ని రెండు త్రెడ్లు ఒకేసారి ముట్టుకుంటే, లిస్ట్ పాయింటర్లు చెడిపోయి కెర్నల్ క్రాష్ అవుతుంది. తేడా ఏంటంటే, ఇప్పుడు అనుమానంగా చూడాల్సింది మొత్తం డ్రైవర్‌ని కాదు, ఆ కొన్ని అన్‌సేఫ్ బ్లాకులని, వాటి మీద ఆధారపడ్డ చోట్లని. వెతికేవాడికి అది పెద్ద సుఖం.

మనకేంటి?

కోడ్ రాసేవాళ్లైతే, ఈసారి స్విఫ్ట్ ఎస్కేపింగ్ రాయమన్నా, రస్ట్ లైఫ్‌టైమ్ అడిగినా, దొరికిన ఫిక్స్‌ని పేస్ట్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎవరు ముందు పోతున్నారు, వస్తువా, దాని తాళమా? జవాబు తెలిస్తే ఎర్రర్ మెసేజ్ దానంతట అదే అర్థమవుతుంది. సీలో అయితే ఆ ప్రశ్న ఎవరూ అడగరు, మీరే అడుక్కోవాలి.

ఫోన్ కొనేవాళ్లైతే, కెమెరా మెగాపిక్సెల్స్ పక్కన ఇంకో లైన్ చూడండి. ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తామంటున్నారు? ఎంత రస్ట్ వచ్చినా మీ ఫోన్ కెర్నల్‌లో అత్యధిక భాగం ఇప్పటికీ సీ కోడే. అందులో ఎవరి జేబులోనో ఉండిపోయిన పాత తాళాలు ఇంకా ఎన్ని ఉన్నాయో, అవి దొరికినప్పుడు ఆ ఫిక్స్ మీ ఫోన్‌దాకా రావాలి కదా.